మూకీల నాటి మనుషులు: లాన్ చేనీ చేతులు

పోయిన వారం ఎరిక్ క్యాంప్‌బెల్ దగ్గర ఆగాం. చాప్లిన్‌ను మెడ పట్టుకుని ఊపేసే ఆ గుబురు కనుబొమల భారీకాయుడు 1917 డిసెంబరులో కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ రోజుల్లోనే లాస్ ఏంజిలిస్‌లో మరో నటుడు యూనివర్సల్ స్టూడియో మేనేజరు ముందు నిలబడి, వారానికి 125 డాలర్ల జీతం, ఐదేళ్ళ కాంట్రాక్టు కావాలని అడిగాడు. మేనేజరు విలియం సిస్ట్రమ్ ఒప్పుకోలేదు. నీ విలువ ఎప్పటికీ వంద డాలర్లు దాటదని మొహం మీదే అన్నాడని సినిమావాళ్ళు తర్వాత చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. అడిగిన మనిషి ఉద్యోగం వదిలేసి బయటికి నడిచాడు. ఐదేళ్ళు గడిచేసరికి అదే స్టూడియో అతన్ని వారానికి 2,500 డాలర్లిచ్చి పిలిపించుకుంది.

అతని పేరు లాన్ చేనీ. అందగాడు కాదు, ఆజానుబాహుడు కాదు. హీరోయిన్ చివరికి అతన్ని వరించిన సినిమాలు వెతికితే ఏ ఒకటో రెండో దొరుకుతాయి. అయినా 1928, 29 నాటికి అమెరికాలో టికెట్లు తెగేది ఎవరి పేరు మీద అంటే ముందు వరసలో చేనీ ఉండేవాడు. క్యారెక్టర్ నటుడు హీరోల పక్కన నిలబడి కాక, తన పేరుతోనే హాళ్ళు నింపడం మూకీల కాలంలో బహు అరుదు.

'వేయి ముఖాల మనిషి' అని అతనికి బిరుదు. ఇప్పటికీ చేనీ అనగానే నోటర్‌డామ్ గూనివాడి మొహం, పారిస్ ఒపేరా భూతం మొహం, ఆ రెండు ఫోటోలే ముందుకొస్తాయి. ఆ బిరుదుతో నాకు పేచీ ఉంది. అది మనల్ని మొహమే చూడమంటుంది, మేకప్ పెట్టె దగ్గరే ఆపేస్తుంది. మిగిలిన సినిమాలు వరసపెట్టి చూస్తే తెలుస్తుంది, అతని పనితనం మెడకు దిగువనే ఎక్కువని. భుజాల్లో, వెన్నులో, అన్నిటికంటే మించి చేతుల్లో. ఆ చేతులు ఎక్కడివో తెలియాలంటే కొలరాడో వెళ్ళాలి.

చేనీ 1883 ఏప్రిల్ 1న కొలరాడో స్ప్రింగ్స్‌లో పుట్టాడు. పెట్టిన పేరు లియోనిడస్ ఫ్రాంక్ చేనీ. తండ్రి ఫ్రాంక్ బార్బర్. తల్లి పేరు ఎమ్మా. ఇద్దరికీ వినపడదు, ఇద్దరూ మాట్లాడరు. ఎమ్మా తండ్రి జొనాథన్ రాల్స్టన్ కెనడీ 1874లో ఆ ఊళ్ళోనే వినికిడి లేని పిల్లల కోసం బడి పెట్టినవాడు. ఆయన పిల్లల్లో ముగ్గురికి వినపడదు కాబట్టి ఆ బడి ఆయనకు ఇంటి అవసరం కూడా. కొలరాడో బధిరుల, అంధుల పాఠశాలగా అది నేటికీ నడుస్తోంది.

లాన్‌కూ, అతని అన్నదమ్ములకూ, చెల్లికీ వినికిడి బాగానే ఉంది. కానీ ఇంట్లో భాష చేతులదే. అన్నం పెట్టమనాలన్నా, అలగాలన్నా, అబద్ధం ఆడాలన్నా చేతులతోనే. లాన్ నాలుగో తరగతికి వచ్చేసరికి తల్లికి కీళ్ళవాతం ముదిరి మంచం పట్టింది. కుర్రాణ్ణి బడి మానిపించారు. తమ్ముణ్ణి, చెల్లినీ చూసుకుంటూ, తల్లి మంచం పక్కన కూర్చుని ఊళ్ళో ఆ రోజు ఏం జరిగిందో అభినయించి చూపించడం అతని పని అయింది. ఆమె వీధిలోకి రాలేదు, కాబట్టి వీధినే లోపలికి తీసుకురావాలి. ఎవరు ఎలా నడిచారు, ఎవరు ఎవరితో తగువుపడ్డారు, కొట్లో బేరం ఎలా సాగింది, అంతా ఒంటితో చెప్పాలి.

చేనీ జీవితం రాసినవాళ్ళందరూ ఈ సంగతి చెబుతారు. చెప్పి, అందుకే గొప్ప మూకీ నటుడయ్యాడని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. అంత తేలిక కాదు. సైగల భాష అంటే చేతులు గాల్లో ఆడించడం కాదు. దానికి వ్యాకరణం ఉంది. అందులో సగం మొహం మీదే ఉంటుంది. అమెరికన్ సైగల భాషలో అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నకు కనుబొమలు పైకి లేస్తాయి. ఎవరు, ఎందుకు, ఎక్కడ అని అడిగితే ముడిపడతాయి. చెయ్యి ఒక అంగుళం అటో ఇటో కదిలితే మాటే మారిపోతుంది. ఆ ఇంట్లో పెరిగినవాడికి అనవసరమైన కదలిక అంటే తప్పు మాట్లాడటంతో సమానం. 1910ల నాటి తొలి మూకీల్లో నాటకాల నుంచి వచ్చిన నటులు గుండె మీద చెయ్యేసుకుని, నుదురు కొట్టుకుని, గాల్లో ఈదుతుంటారు. చేనీ మాత్రం తొందరపడడు. ఒక చెయ్యి కదిలేటప్పుడు రెండోది నిశ్చలంగా ఉంటుంది. పొదుపుగా వాడడం అతను నేర్చింది తల్లి దగ్గర.

పదిహేనేళ్ళు దాటాక ఊళ్ళోని ఒపేరా హౌస్‌లో తెరలు లాగే పనులకు చేరాడు. అన్న జాన్ అప్పటికే అక్కడున్నాడు. 1902లో స్టేజి ఎక్కాడు. తర్వాత పదేళ్ళూ ఊరూరా తిరిగే సంగీత నాటక కంపెనీలే. నటించాడు, నాట్యం చేశాడు, నాట్యాలు కూర్చాడు, సామాను మోశాడు, దుస్తులు చూసుకున్నాడు. 1905లో ఓక్లహోమా సిటీలో క్లీవా క్రైటన్ అనే పదహారేళ్ళ గాయని పరిచయమైంది. పెళ్ళయింది. 1906 ఫిబ్రవరిలో కొడుకు పుట్టాడు. పేరు క్రైటన్.

క్లీవా మంచి గాయని. పేరు కూడా మొగుడి కంటే ఆమెకే ముందు వచ్చింది. అయితే సంసారం కుదురుకోలేదు. 1913 ఏప్రిల్ 30న లాస్ ఏంజిలిస్ మెజెస్టిక్ థియేటర్‌లో కోల్బ్ అండ్ డిల్ కంపెనీ ప్రదర్శన జరుగుతుండగా, ఆ కంపెనీకి మేనేజరుగా ఉన్న చేనీ రంగస్థలం పక్కన పని చూసుకుంటుంటే, క్లీవా అక్కడికి వచ్చి పాదరస లవణం మింగింది. ప్రాణం దక్కింది, గొంతు మాత్రం పోయింది. మళ్ళీ పాడలేకపోయింది. చేనీ కథలో ఎక్కువమంది ఈ ఘట్టాన్ని అతని కష్టంగా రాస్తారు. అతని కష్టం నిజమే. కానీ ఇరవై నాలుగేళ్ళ వయసులో గొంతు పోగొట్టుకున్న గాయని వైపు నుంచి కూడా ఒక్క క్షణం ఆలోచించడం మన బాధ్యత.

పత్రికలు రచ్చ చేశాయి. నాటక కంపెనీల్లో చేనీకి పని దొరకలేదు. మరుసటేడు విడాకులయ్యాయి. చిన్నవాడు కొంతకాలం ఇతరుల పోషణలో పెరిగాడు. సినిమా అప్పట్లో నాటకాల వాళ్ళ దృష్టిలో తక్కువ పని. తలదాచుకోవడానికి చేనీ అక్కడికే వెళ్ళాడు. 1915లో అదే నాటక కంపెనీలో ఉన్న హేజెల్ హేస్టింగ్స్‌ను పెళ్ళి చేసుకున్నాడు. కొడుకు ఇల్లు చేరాడు. ఆ సంసారం చివరిదాకా నిలిచింది.

యూనివర్సల్‌లో అప్పటి పద్ధతి వేరు. ఎక్స్‌ట్రాలు, చిన్న వేషాలవాళ్ళు పొద్దున్నే వచ్చి ఒకచోట వేచి ఉండేవారు. దర్శకుల సహాయకులు వచ్చి, ఇవాళ ఒక ముసలి నావికుడు కావాలి, ఒక చైనీయుడు కావాలి, ఒక రౌడీ కావాలి అని అరిచేవారు. రోజుకు ఐదు డాలర్లు. చేనీ తన మేకప్ పెట్టె చంకలో పెట్టుకునే వచ్చేవాడు. పిలుపు వినగానే పక్కకు వెళ్ళి, కాసేపట్లో ఆ మనిషై తిరిగొచ్చేవాడు. మన పల్లెల్లో పగటివేషాలవాళ్ళు నిన్న సోమయాజులుగా వచ్చి ఇవాళ పాములవాడిగా వస్తే ఊరు గుర్తుపట్టలేకపోయినట్టే, ఒక్క వారంలోనే అతన్ని మూడు సినిమాలకు మూడు మొహాలతో తీసుకున్న సందర్భాలు ఉండేవట. 1912, 13ల నుంచి 1918 దాకా అలా వందకు పైగా చిత్రాల్లో వేశాడు. చాలావి ఒకటి, రెండు రీళ్ళవి. 1915లో కొన్నిటికి దర్శకత్వం కూడా వహించాడు.

ఆ పెట్టెలో ఏముండేదో కొంచెం చెప్పాలి. గ్రీజ్ పెయింట్ కడ్డీలు, ముక్కును మార్చే మెత్తటి పుట్టీ, జుట్టు అంటించే స్పిరిట్ గమ్, దూది, కొలోడియన్ అనే ద్రవం. దూది పొర మీద కొలోడియన్ పూస్తే ఆరి గట్టిపడుతుంది. చెంప ఎముకలు ఎత్తుగా కావాలంటే ఆ పొరలు ఒకదాని మీద ఒకటి వేస్తూ పోవడమే. చర్మం మీదే నేరుగా కొలోడియన్ పూస్తే ముడుచుకుని పాత గాయం మచ్చలా కనబడుతుంది. కోడిగుడ్డు లోపలి పల్చటి పొరను కంటి మీద పెట్టి గుడ్డివాడి చూపు తెచ్చాడంటారు. వీటికి తోడు అప్పటి ఫిల్ము గుణం తెలియాలి. ఆ ఫిల్ముకు ఎరుపు కనపడదు. బుగ్గకు ఎర్రరంగు రాస్తే తెర మీద గుంట పడినట్టు నల్లగా వస్తుంది. నీలం తెల్లబడిపోతుంది. అద్దంలో కనిపించే మొహం వేరు, తెర మీద పడే మొహం వేరు. మేకప్ వేసే మనుషులు స్టూడియోల్లో ఇంకా ప్రత్యేకంగా లేని కాలం. ఎవరి మొహం వాళ్ళే దిద్దుకోవాలి. ఆ రెండో మొహాన్ని ఊహించి మొదటిదాన్ని దిద్దడంలో చేనీని మించినవాడు లేడు. 1929లో వచ్చిన ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా పద్నాలుగో కూర్పులో సినిమా మేకప్ మీద వ్యాసం రాసింది అతనే. బడి నాలుగో తరగతిలో ఆగిపోయినవాడు.

యూనివర్సల్ వదిలాక కొన్నాళ్ళు కష్టంగానే గడిచింది. 1919లో జార్జ్ లోన్ టకర్ 'ది మిరాకిల్ మ్యాన్' తీస్తూ ఒక వేషానికి మనిషి కోసం వెతికాడు. కథ ఇది: ఒక దొంగల ముఠా ఒక పల్లెలోని ముసలి సాధువు పేరు చెప్పి జనాన్ని దోచుకోవాలనుకుంటుంది. ముఠాలో 'కప్ప' అనేవాడు ఒళ్ళంతా వంకర్లు తిరిగిన అవిటివాడిగా నటించి, అందరి ముందూ నయమైనట్టు లేచి నిలబడాలి. చేనీ తర్వాత చెప్పినదాన్ని బట్టి, టకర్ ముందు సర్కసుల్లో ఒళ్ళు విరుచుకునేవాళ్ళనే పిలిపించాడు. వాళ్ళు ఒంగారు కానీ నటించలేకపోయారు. చేనీ ఒంగలేడు కానీ ఒంగినట్టు నమ్మించగలడు.

ఆ సినిమా ఇప్పుడు లేదు. పారమౌంట్ కంపెనీ 1931లో తన పాత చిత్రాల తునకలతో కూర్చిన ప్రచార చిత్రంలో కొన్ని నిమిషాలు బతికిపోయాయి. అదృష్టవశాత్తూ అందులో ఈ దృశ్యం ఉంది. కప్ప నేల మీద ఈడ్చుకుంటూ సాధువు దగ్గరికి వస్తాడు. చెయ్యి ముందుకు పడుతుంది, ఒళ్ళు వెనకాల జరుగుతుంది. అక్కడికి చేరాక ముందు వేళ్ళు విడివడతాయి. తర్వాత మణికట్టు. తర్వాత మోచెయ్యి. వంకరపోయిన కాలు ఒక్కో కీలు దగ్గరా ఆగి ఆగి సాగుతుంది. నటిస్తున్న మోసగాణ్ణి నటిస్తున్నాడు చేనీ, అంటే ఇది రెండంతస్తుల వేషం. ఇదంతా చూసిన ఒక నిజమైన కుంటి పిల్లవాడు, ఎవరూ అనుకోనిది, ఊతకర్రలు వదిలేసి సాధువు వైపు నడుస్తాడు. ఆ క్షణాన కప్ప మొహం చూడాలి. ఆరేడేళ్ళ వంద సినిమాల పేదరికానికి జవాబు ఆ దృశ్యంతో వచ్చింది. మరునాటి నుంచి లాన్ చేనీ పేరు ప్రేక్షకులకు తెలుసు.

1920లో 'ది పెనాల్టీ'. చిన్నప్పుడు ఒక కుర్ర డాక్టరు తొందరపాటుతో రెండు కాళ్ళూ అనవసరంగా తీసేస్తే, ఆ పగతో పెరిగి శాన్‌ఫ్రాన్సిస్కో చీకటి సామ్రాజ్యానికి రాజైన బ్లిజార్డ్ వేషం. పాదాలు వెనక్కి మడిచి తొడలకు కట్టేసుకుని, మోకాళ్ళు తోలు తొడుగుల్లో దూర్చి నడిచాడు. రక్తం ఆడక ఎక్కువసేపు ఉంచుకోలేకపోయేవాడు. ఆ బాధ గురించి ప్రచారశాఖలు కథలు కథలుగా చెప్పాయి. నాకు మాత్రం ఆ సినిమాలో గుర్తుండిపోయింది పియానో. బ్లిజార్డ్‌కు సంగీతమంటే ప్రాణం. కాళ్ళు లేవు కాబట్టి పెడల్ తొక్కలేడు. ఒక అమ్మాయి పియానో కింద కూర్చుని చేతులతో పెడల్ నొక్కుతుంది, అతను పైన వాయిస్తాడు. ఆమె పోలీసుల గూఢచారి అని తెలిశాక కూడా, అంత చక్కగా పెడల్ పట్టే మనిషిని చంపలేకపోతాడు. ఆ చేతులు మెట్ల మీద వాలే తీరులో అంతటి దుర్మార్గుడి లోపలి మనిషి కనిపిస్తాడు.

మూడేళ్ళకు యూనివర్సల్ 'ది హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్' మొదలుపెట్టి అతన్ని పిలిచింది. ముందు చెప్పిన 2,500 డాలర్లు అప్పటివే. పారిస్ చర్చి ముఖద్వారం కింది భాగాన్ని స్టూడియో ఆవరణలో నిజంగానే కట్టారు. పైభాగం చిన్న నమూనా. కెమెరా ముందు వేలాడదీసి రెండూ కలిసిపోయేట్టు తీశారు. చేనీ వీపు మీద 70 పౌన్ల గూని మోశాడని ఇప్పటికీ రాస్తుంటారు. అది ప్రచారశాఖ పెంచిన బరువు. నిజానికి ప్లాస్టర్‌తో చేసిన ఆ గూని ఇరవై పౌన్ల లోపు, అంటే సుమారు తొమ్మిది కిలోలు. ఆ వేషంలో అదే పెద్ద సంగతీ కాదు. ఆ గూనివాడు క్వాసిమోడో చర్చి గంటలు కొట్టి కొట్టి చెవులు పోయినవాడు. ఊరందరూ నవ్వుతుంటే ఆ నవ్వు వినపడక, మొహాలు చూసి పోల్చుకోవలసిన వాడు. కట్టుకొయ్యకు కట్టి కొరడాలతో కొట్టాక దాహమని అడిగే ఘట్టంలో, జనం మొహాల మీద అతని చూపు ఒకదాని తర్వాత ఒకదాని మీద నిలుస్తూ పోతుంది. పాట్సీ రూత్ మిల్లర్ వేసిన ఎస్మెరాల్డా నీళ్ళు పట్టించినప్పుడు అతను ముందు భయపడతాడు. వినపడనివాళ్ళు మనుషుల్ని ఎలా చదువుతారో చేనీ ఇంట్లో రోజూ చూసినదే. ఆ ఘట్టంలో మేకప్ లేకపోయినా పట్టు సడలేది కాదు.

1925లో 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా'. దర్శకుడు రూపర్ట్ జూలియన్‌కూ చేనీకీ మాటల్లేవు. కెమెరామన్ చార్లెస్ వాన్ ఎంగర్ ఒకరి మాట ఇంకొకరికి మోసేవాడు. ముసుగు లేని మొహం ఫోటో ఏ పత్రికలోనూ రాకుండా యూనివర్సల్ కట్టడి చేసింది. భూతం పేరు ఎరిక్. అతను ఆర్గన్ వాయిస్తుంటాడు. అతను ప్రేమించిన గాయని క్రిస్టీన్ వెనక నుంచి వచ్చి ముసుగు లాగేస్తుంది. అతను మన వైపు తిరిగి ఉన్నాడు కాబట్టి ఆ మొహం ఆమె కంటే ముందు మనమే చూస్తాం. ఆ అమరికే ఆ దృశ్యానికి బలం. అయితే దానికి ముందు చాలాసేపు ఆ భూతం మనకు నీడగానూ, చెయ్యిగానూ మాత్రమే తెలుసు. అద్దం వెనక దారిలో క్రిస్టీన్ భుజం మీద ఆ చెయ్యి మెల్లగా వాలుతుంది. ప్రేమతో వాలే ఆ చెయ్యి చూసే మనం మొదటిసారి భయపడతాం.

ఈ లోపల చేనీ ఎంజీఎంకు మారాడు. ఆ కంపెనీ మొదలుపెట్టి పూర్తిచేసిన తొలి చిత్రం 'హీ హూ గెట్స్ స్లాప్డ్' (1924) అతనిదే. అక్కడే దర్శకుడు టాడ్ బ్రౌనింగ్‌తో జత గట్టిపడింది. ఇద్దరూ కలిసి తీసిన వాటన్నిటిలోకీ నేను 'ది అన్‌నోన్' (1927) దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను.

సర్కస్‌లో అలోంజో చేతుల్లేనివాడు. కాళ్ళతో కత్తులు విసురుతాడు. నిజానికి అతనికి చేతులున్నాయి. ఒక చేతికి రెండు బొటనవేళ్ళు. ఆ గుర్తుతో పోలీసులు పట్టేస్తారని చేతులు ఒంటికి బిగించి కట్టుకుని దాస్తున్నాడు. అతను ప్రేమించిన నానన్‌కు మగవాళ్ళ చేతులు మీద పడితేనే ఒళ్ళు జలదరిస్తుంది. అందుకే చేతుల్లేని అలోంజో దగ్గర ఆమెకు ధైర్యం. ఆ వేషం వేసిన జోన్ క్రాఫర్డ్‌కు అప్పుడు ఇరవై ఏళ్ళు దాటాయంతే. నటన అంటే ఏమిటో చేనీని చూసే నేర్చుకున్నానని ఆమె జీవితాంతం చెప్పింది.

ఒక రాత్రి అలోంజో గదిలో కట్లు విప్పుకుని, చేతులు ఖాళీగానే ఉన్నా, ఆలోచనలో పడి కాలి వేళ్ళతో సిగరెట్ తీసి, కాలితోనే వెలిగించుకుని పొగ తాగుతుంటాడు. అది చూసి పక్కనున్న నేస్తం నవ్వుతాడు: నీకు చేతులున్నాయన్న సంగతే మర్చిపోయావని. అలోంజో తన చేతుల వైపు చూసుకుంటాడు. ఆ చూపులోనే అతనికి ఆలోచన వస్తుంది, మనకు వణుకు పుడుతుంది. డాక్టరును బెదిరించి నిజంగానే రెండు చేతులూ తీయించుకుంటాడు. తిరిగొచ్చేసరికి నానన్ భయం పోయింది. మలబార్ అనే బలాఢ్యుడి చేతుల్లో హాయిగా ఉంది. ఆ కబురు ఆమే సంతోషంగా చెబుతుంటే అలోంజో నవ్వడం మొదలుపెడతాడు. ఆ నవ్వు ఆగదు. నవ్వు ఏడుపై, ఏడుపు కేకై, కేక పిచ్చిగా మారుతుంది, ఒక్క శబ్దం కూడా లేకుండా. కాళ్ళతో చేసే పనులు దగ్గరగా తీసిన చోట్ల పుట్టుకతో చేతుల్లేని పాల్ డెస్మ్యూక్ కాళ్ళు వాడారు. మొహం, ఛాతీ, భుజాలు చేనీవి. ఈ సినిమా చూసినవాళ్ళెవరూ అతన్ని మేకప్ నటుడని అనలేరు. మొహానికి పెద్దగా రంగు కూడా లేదు.

ఇన్ని చెప్పాక ఒకటి చెప్పకపోతే తప్పు. చేనీ చైనీయుల వేషాలు పదే పదే వేశాడు. 'షాడోస్', 'మిస్టర్ వూ' అతనికి పేరు తెచ్చాయి. ఆ వేషాలకు చైనీయ మూలాలున్న నటుల్ని తీసుకునే ఆలోచన స్టూడియోలకు లేదు. 'మిస్టర్ వూ'లో అన్నా మే వాంగ్ ఉంది. కానీ కథలో ముఖ్యమైన కూతురి పాత్ర ఆమెకు ఇవ్వలేదు, ఫ్రెంచి నటి రెనీ అడోరీకి ఇచ్చి కళ్ళు దిద్దారు. చేనీ ఆ పాత్రల్ని వెటకారం చేయలేదు, గౌరవంగానే వేశాడు. అయినా ఒకరి మొహాన్ని మరొకరు వేసుకోవడం కళ అనిపించుకుంటుంటే, అసలు మొహం ఉన్న నటి పక్కన నిలబడి చూడాల్సి వచ్చింది. ఆ అన్యాయం చేనీ ఒక్కడిదీ కాదు, అతను లేనిదీ కాదు.

సెట్టులో అతను ఎలాంటివాడంటే, 'లాఫ్ క్లౌన్ లాఫ్'లో పద్నాలుగేళ్ళ లోరెటా యంగ్‌ను దర్శకుడు హెర్బర్ట్ బ్రెనన్ కసురుతుంటే, తన సీను లేకపోయినా అక్కడే ఉండిపోయేవాడు. చేనీ ఉంటే దర్శకుడు నోరు జారేవాడు కాదు. ఆ ఉపకారం ఆమె చివరిదాకా తలుచుకుంది. వేషాల కోసం తిరుగుతున్న బోరిస్ కార్లాఫ్‌ను ఒకసారి కారెక్కించుకుని, ఇంకెవరూ చెయ్యనిది, చెయ్యలేనిది ఏదో వెతుక్కోమని చెప్పాడు. పార్టీలకు వెళ్ళేవాడు కాదు. ఇంటర్వ్యూలకు దొరికేవాడు కాదు. తెర మీద తప్ప తను ఎవరికీ అక్కర్లేదన్నది అతని పట్టుదల. సెలవు దొరికితే సియెరా నెవాడా కొండల్లో చేపల వేటకు పోయేవాడు. అక్కడ రాతితో కట్టించుకున్న చిన్న ఇంటికి నమూనా గీసినవాడు నల్లజాతి ఆర్కిటెక్ట్ పాల్ విలియమ్స్.

'టెల్ ఇట్ టు ది మెరీన్స్'లో ఏ మేకప్పూ లేకుండా సార్జెంటుగా వేశాడు. సినిమా బాగా ఆడింది, మెరీన్ దళం అతనికి గౌరవ సభ్యత్వం ఇచ్చింది.

టాకీలు వచ్చాయి. చేనీ తొందరపడలేదు. ఎంజీఎంలో మాట్లాడటానికి చివరిదాకా ఆగినవాళ్ళలో గార్బో ఒకరైతే, చేనీ ఇంకొకడు. చివరికి 1930లో తన పాత హిట్టు 'ది అన్‌హోలీ త్రీ'నే మాటలతో మళ్ళీ చేశాడు. గొంతులు మార్చి మాట్లాడే గారడీవాడి వేషం. గారడీవాడు, ముసలమ్మ, అమ్మాయి, బొమ్మ, చిలుక, ఇలా ఐదు గొంతులు. వేరేవాళ్ళ చేత మాట్లాడించారని ఎవరైనా అనుకుంటారేమోనని, ఆ గొంతులన్నీ తనవేనని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టించి స్టూడియో ప్రచారం చేసింది. మాటల కాలంలోనూ నిలుస్తాడని అందరికీ తెలిసింది.

అప్పటికే ఒంట్లో జబ్బు ముదిరింది. 1929లో 'థండర్' షూటింగు రోజుల్లో న్యుమోనియా వచ్చింది. సెట్టులో వాడిన ఉత్తుత్తి మంచు ముక్క గొంతులో ఇరుక్కుని చనిపోయాడని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. నమ్మకండి. జబ్బు ఊపిరితిత్తుల క్యాన్సర్. చేనీ సిగరెట్లు విపరీతంగా తాగేవాడు. చివరి రోజుల్లో గొంతు పూర్తిగా పోయి, ఇంట్లోవాళ్ళతో చిన్నప్పటి సైగలతోనే మాట్లాడాడు. 1930 ఆగస్టు 26న, టాకీ విడుదలై రెండు నెలలైనా తిరక్కుండానే, నలభై ఏడేళ్ళకు పోయాడు. గ్లెండేల్‌లోని ఫారెస్ట్ లాన్‌లో అతని సమాధి మీద పేరు లేదు. మేకప్ పెట్టె లాస్ ఏంజిలిస్ నేచురల్ హిస్టరీ మ్యూజియంకు చేరింది.

కొడుకు క్రైటన్ తండ్రి బతికుండగా సినిమాల్లోకి రాలేదు. తర్వాత వచ్చి సొంత పేరుతోనే నిలబడాలని చూశాడు. అవకాశాలు రాలేదు. 1935లో లాన్ చేనీ జూనియర్ అయ్యాడు. 'ది వుల్ఫ్ మ్యాన్' అతనిదే. ఆ పేరు కడుపు నింపింది కానీ, పోలిక మాత్రం చచ్చేదాకా వెంటాడింది.

చేనీ నటించిన నూట యాభైకి పైగా చిత్రాల్లో చాలావరకు ఇప్పుడు లేవు. యూనివర్సల్ 1948లో తన దగ్గరున్న మూకీ నెగెటివ్‌లను తనే నాశనం చేసింది. 'లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' ఆఖరి ప్రతి 1965లో ఎంజీఎం గిడ్డంగి తగలబడినప్పుడు పోయింది. ఆ సినిమా పోస్టరు ఒకటి 2014లో 4,78,000 డాలర్లకు అమ్ముడైంది. కాగితం మిగిలింది, బొమ్మ మిగల్లేదు. అమెరికాలో తీసిన పెద్ద మూకీల్లో విడుదలైన రూపంలో దొరికేవి నూటికి 14 మాత్రమేనని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తేల్చింది. మనం వాళ్ళను అనే స్థితిలో లేం. మన దేశంలో తీసిన పదమూడు వందల పైచిలుకు మూకీల్లో మిగిలినవి ముప్ఫై లోపే. రఘుపతి ప్రకాష్ మద్రాసులో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' ఆ మిగిలినవాటిలో లేదు. అందులో వేషాలు వేసినవాళ్ళ చేతులెలా కదిలాయో మనకిక తెలిసే దారి లేదు.

'ది అన్‌నోన్' కూడా దశాబ్దాల పాటు పోయిందనే అనుకున్నారు. 1968లో పారిస్ సినిమాథెక్‌లో దొరికింది. డబ్బా మీదున్న పేరుకు 'తెలియనిది' అని అర్థం కావడంతో, ఏ సినిమావో తెలియని డబ్బాల గుట్టలో పడేశారు. అందులోనూ కొంత భాగం లేదు. చెక్ దేశంలో దొరికిన ప్రతి నుంచి సుమారు పది నిమిషాలు కలిపి 2022లో జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియం కొత్త ప్రతి తయారుచేసింది. చేనీని మొదటిసారి చూడబోయేవాళ్ళు ఆ ప్రతితో మొదలుపెట్టాలని నా మాట. 'ఫాంటమ్' తర్వాత చూడొచ్చు.

వచ్చే వారం 'ది అన్‌నోన్' తీసిన టాడ్ బ్రౌనింగ్. సంతల్లో ప్రాణంతో పాతిపెట్టించుకుని జనం దగ్గర డబ్బులు దండుకున్న కుర్రాడు దర్శకుడు ఎలా అయ్యాడో చెప్పుకుందాం.